ఎన్‌డీవీఐ (పైరు పచ్చదనాన్ని అంకెల్లో చెప్పే సూచిక) మ్యాప్‌లో ఎర్రగా ఉన్న మచ్చల మీద డ్రోన్‌తో ఎక్కువ మందు కొట్టవచ్చా? మామూలుగా కొట్టినా చారలు పడుతున్నాయి, ఎందుకు?

ముందు చారల సంగతి చూద్దాం. చారలు పడే డ్రోన్‌కి ఎంత మంచి మ్యాప్ ఎక్కించినా చారలే పడతాయి.

చారకీ చారకీ మధ్య దూరం టేపుతో కొలవండి. అది మీరు సెట్ చేసిన పట్టీ వెడల్పుకు (డ్రోన్ ఒక్కసారి వెళ్తే తడవాల్సిన వెడల్పు) సమానంగా వస్తే, వెడల్పు ఎక్కువ పెట్టారని అర్థం. దూరం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే ఆర్‌టీకే (జీపీఎస్ స్థానాన్ని సెంటీమీటర్ల మేరకు సరిచేసే పద్ధతి) లేకుండా ఎగిరి ఉంటుంది. మామూలు జీపీఎస్ మీటరు, రెండు మీటర్లు అటూఇటూ జరుగుతుంది. గట్ల పక్కనే కనబడితే మలుపు తిరిగాక పంపు ఆలస్యంగా అందుకుంటోంది. ఎప్పుడూ ఒకే పక్క పలచబడితే ఆ పక్క నాజిల్ విప్పి జల్లెడ కడగండి.

కంపెనీ చెప్పే పట్టీ వెడల్పును నమ్మకండి. నీటికి రంగు మారే పసుపు కాగితాలను డ్రోన్ వెళ్లే దారికి అడ్డంగా, అర మీటరుకొకటి చొప్పున 8 మీటర్ల పొడవునా పెట్టి, పైరు మీద 2 మీటర్ల ఎత్తులో ఒక్కసారి ఎగరేయండి. అంతర్వాహిక (మొక్క లోపలికి పాకే) పురుగుమందుకైతే చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 30 చుక్కలు చాలు. తెగుళ్ల మందుకు 50 నుంచి 70 కావాలి. అన్ని చుక్కలు ఎంత మేర పడ్డాయో అదే మీ అసలు వెడల్పు. చాలాసార్లు అది కాగితం మీది లెక్క కన్నా మీటరు తక్కువే ఉంటుంది.

ఇక లెక్క. ఎకరాకు 10 లీటర్లు, వేగం సెకనుకు 5 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు అనుకుందాం. నిమిషంలో 300 మీటర్ల పొడవు, అంటే 1200 చదరపు మీటర్లు తడుస్తుంది. ఎకరా సుమారు 4047 చదరపు మీటర్లు కాబట్టి నిమిషానికి దాదాపు 3 లీటర్లు పోవాలి. నాలుగు నాజిళ్లుంటే ఒక్కోదానికి 0.75 లీటరు. 11002 నంబరు నాజిల్ 3 బార్ ఒత్తిడి దగ్గర సుమారు 0.79 ఇస్తుంది, సరిపోతుంది. 11001 బిగించి ఉంటే అదే ఒత్తిడికి 0.39 మాత్రమే వస్తుంది. పారకం రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు పెంచాలి, అది ఈ పంపుల వల్ల కాదు. పెంచగలిగినా చుక్క సన్నబడి గాలికి కొట్టుకుపోతుంది. మంచినీళ్లతో ఒక్కో నాజిల్ కింద కొలపాత్ర పెట్టి నిమిషం పట్టండి. సగటుకు 10 శాతం తేడా వచ్చినదాన్ని మార్చేయండి.

మందు కలపడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. చేతిపంపుతో ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో పోసే మోతాదు ఇక్కడ 10 లీటర్లలోకి వస్తుంది, అంటే ద్రావణం 20 రెట్లు చిక్కన. అక్కడ కలిసిపోయిన రెండు మందులు ఇక్కడ పెరుగులా విరిగి ఫిల్టర్‌కు అడ్డం పడతాయి, ఆకులూ మాడవచ్చు. లేబుల్‌లో డ్రోన్‌కు లేదా తక్కువ నీటికి అనుమతి ఉందో లేదో చూశాకే ముందుకెళ్లండి. సీసాలో ఇదే నిష్పత్తిలో కలిపి అరగంట ఉంచండి. అడుగున ముద్ద పేరుకున్నా, పైన నూనె తేలినా ఆ జోడీ వదిలేయండి. కలిపే వరుస: సగం నీళ్లు, తర్వాత పొడి మందు, ఆపైన ఎస్‌సీ (నీళ్లలో తేలే సన్నని పొడి ఉన్న చిక్కని ద్రవం), తర్వాత ఈసీ (నీళ్లలో పాలలా మారే నూనె మందు), చివర ఎస్‌ఎల్ (నీళ్లలో పూర్తిగా కరిగే ద్రవం), మిగతా నీళ్లు. పొడి మందును నేరుగా ట్యాంకులో పోయకండి. బకెట్లో పలచగా కలిపి వడగట్టి పోయండి.

గాలి సెకనుకు 3 మీటర్లు దాటితే ఆపేయడం మేలు. గాలి బొత్తిగా కదలని తెల్లవారుజాము కూడా మంచిది కాదు. పొగ పైకి లేవకుండా నేల మీదే పరుచుకుంటుంటే సన్నని చుక్కలు కూడా అలాగే తేలుతూ పక్క చేలోకి పోతాయి.

ఇప్పుడు మ్యాప్. ఎరుపు అంటే రోగం అని కాదు. చాలా యాప్‌లు ఆ పొలంలోని కనిష్ఠానికి ఎరుపు, గరిష్ఠానికి ఆకుపచ్చ వేస్తాయి. పొలమంతా 0.80 ఉండి ఒకచోట 0.72 ఉన్నా అది ఎర్రగానే కనబడుతుంది. కాబట్టి రంగు కాదు, అంకె చూడండి. అదే రోజు మామూలు రంగుల చిత్రం కూడా తెరవండి, మబ్బు నీడ అచ్చం మచ్చలాగే ఉంటుంది. వరి నాటిన కొత్తలో నిలవనీరు అంకెను కిందికి లాగుతుంది. పైరు గుబురు కట్టాక ఎన్‌డీవీఐ పెరగడం ఆగిపోతుంది. అప్పుడు రెడ్ ఎడ్జ్ (ఎరుపుకీ కంటికి కనబడని పరారుణానికీ మధ్య ఉండే కాంతి) వాడే ఎన్‌డీఆర్‌ఈ అనే సూచిక నయం.

సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఎన్‌డీవీఐకి ఒక గడి (పిక్సెల్) పక్క 10 మీటర్లు, ఎకరాకు 40 గడులే వస్తాయి. రెడ్ ఎడ్జ్‌కైతే గడి 20 మీటర్లు, ఎకరాకు పదే. గట్టు చెట్ల నీడ కలిసే అంచు గడులను తీసేయండి. పంపు స్పందించడానికి ఒకటి రెండు సెకన్లు పట్టినా 5 నుంచి 10 మీటర్లు దాటిపోతుంది కాబట్టి 15 మీటర్ల కన్నా చిన్న ముక్కలు గీయడం వృథా.

మచ్చలోకి నడిచి వెళ్లి, మూడు చోట్ల మొక్క పీకి వేరు, ఆకు అడుగు చూడండి. నీరు నిలిచి వేరు కుళ్లితే ఏ మందూ పనిచేయదు. పురుగైతే మచ్చలో కొట్టాలా వద్దా అన్నంత వరకే మ్యాప్ వాడండి, లేబుల్ మోతాదు మించకూడదు. మోతాదు హెచ్చుతగ్గులు చేయాలనుకుంటే ఆకుల మీద చల్లే పోషకాలతో మొదలుపెట్టండి. అది కూడా మచ్చకు అడ్డంగా ఒక పట్టీని మామూలు మోతాదుతో వదిలి చేయండి. తర్వాత వచ్చే మబ్బులేని చిత్రంలో ఆ పట్టీ పక్కవాటికన్నా వెనకబడితేనే మీ లెక్క పనిచేసినట్టు.