బరిలో ఖైదీలు: ఒక యువ రచయితకు లేఖ

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన కథ శ్రద్ధగా చదివాను. ఖైదీలు బరిలో ఒకరినొకరు చంపుకుంటుంటే, జనం డబ్బు కట్టి ఫోన్లలో చూసే రేపటి రాజ్యాన్ని ఊహించావు. ఊహ బలమైనది. అయితే పోరు వచ్చిన ప్రతిచోటా నీ వాక్యం పరుగందుకుంటోంది, ములాఖత్ గది వచ్చేసరికి నీరసపడుతోంది. ఏ వినోదాన్ని ఖండించాలనుకున్నావో, దానికే పాఠకుడిని ముందు వరుసలో కూర్చోబెట్టావు.

సంక్రాంతికి మన సరిహద్దు ఊళ్లలో జరిగే కోడిపందెం గుర్తుచేసుకో. ఒకడు పుంజును పట్టుకుంటే, ఇంకొకడు దాని కాలికి కత్తి ఆనించి, అంచు తన వేలికి తగలకుండా దారం చుట్టి, నిదానంగా ముడి బిగిస్తాడు. పందెం నిమిషాల్లో తేలిపోతుంది. ఆ ముడి, పందెం సొమ్ము పట్టే చేతులు, ఓడిన పుంజును కోసగా, అంటే తన గెలుపు వాటాగా, పట్టుకుపోయే గెలిచినవాడు, వీటిలోనే ఆ హింస నడిచే తీరంతా ఉంది. నీ బరిలో ముడి వేసేదెవరో, జీతం తీసుకునేదెవరో నాకు ఎక్కడా కనిపించలేదు.

రేపటి కథను నమ్మించాలంటే నేటి చట్టాన్ని ఒక్క అడుగు ముందుకు జరిపితే చాలు. అమెరికాలో బానిసత్వాన్ని రద్దుచేసిన 1865 నాటి పదమూడవ రాజ్యాంగ సవరణే, నేరానికి శిక్షగా చేయించే వెట్టిని మినహాయించింది. ఒకప్పుడు బానిసలు పనిచేసిన తోటలో వెలసిన లూసియానాలోని అంగోలా జైలు, టికెట్లు అమ్మి ఖైదీల చేత ఎద్దులతో రోడియో అనే మొరటు పోటీ ఆడిస్తుంది. అందులో ఒక ఆటకు ఖైదీలు బల్ల చుట్టూ కూర్చుంటారు, వాళ్ల మీదికి ఎద్దును వదులుతారు. చివరిదాకా కుర్చీ విడవనివాడు గెలిచినట్టు.

నేనుండే ఈ ఊరి జైల్లోనే 1943 మార్చి 29న క్విట్ ఇండియా ఉద్యమంలో పోరాడిన గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ను ఉరితీశారు. నాటి ప్రభుత్వం ఆ చావును గోడల లోపల జరిపించింది. నీ కథలోని ప్రభుత్వం చావును అమ్ముకుంటోంది. ఇంతదూరం ఆ సమాజం ఏయే మెట్లు దిగి వచ్చిందో నువ్వు చెప్పి తీరాలి.

నా అసలు అభ్యంతరం ఇంకొకటుంది. నీ యోధులందరూ శిక్షపడ్డ హంతకులు. 2022 చివరినాటి అధికారిక లెక్కల్లో మన జైళ్లలోని ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్లలో బెయిలు మంజూరైనా పూచీకత్తు ఇచ్చేవాళ్లు లేక లోపలే మిగిలిపోయిన పేదలూ ఉన్నారు. మీ గుణుపురం చుట్టూ సవర గూడేలున్నాయి కదా. తన భాష తప్ప వేరే భాష రాని ఒక సవర యువకుడు, కోర్టులో ఒడియాలో చదివిన అభియోగం అర్థంకాక తలూపి, ఆ మీదట నీ బరికి చేరాడనుకో. గెలిచినవాడికి శిక్ష తగ్గుతుందని నువ్వు నియమం పెట్టావు. శిక్షే పడనివాడికి ఏం తగ్గిస్తారు? ఆ పోటీ నడిపే కంపెనీ వకీలు దీనికి కాగితం మీద ఏదో ఒక జవాబు తయారుచేసే ఉంటాడు. ఆ కాగితం ఉన్న అధ్యాయాన్ని ముందుగా రాసి పంపు, పోరు ఘట్టాల సంగతి తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య