మిర్చికి క్యాబేజీ చలి పడదు

ప్రశ్న: దుబాయ్‌కి విమానంలో 300 కిలోల పచ్చిమిర్చి పంపాం. లోడు సరిపడా పోగయ్యేదాకా ఐదు రోజులు కోల్డ్ స్టోరేజీలో, క్యాబేజీ ఉన్న 1 డిగ్రీ గదిలోనే ఉంచాం. ఇక్కడ నిగనిగలాడిన కాయ అక్కడ దించిన మర్నాటికే గుంటలు పడిందట, గింజలు నల్లబడ్డాయట. విమానంలో వేడెక్కిందంటారా?
– ఒక రైతు, చేవెళ్ల

జవాబు: వేడి కాదు, చలి దెబ్బ. క్యాబేజీకి 0 డిగ్రీలు హాయి. మిరప వేడిదేశపు పంట, 7 డిగ్రీల కింద రోజుల తరబడి ఉంటే లోపలి కణాలు చెడతాయి. గదిలో ఉన్నంతసేపు కాయ బాగానే కనిపిస్తుంది, బయటి వెచ్చదనం తగిలాకే గుట్టు బయటపడుతుంది. మిర్చికి 7.5 నుంచి 10 డిగ్రీలు, 90–95 శాతం తేమ ఉండాలి. అలా రెండు మూడు వారాలు నిలుస్తుంది. వేరే గది దొరక్కపోతే నిల్వ పెట్టకుండా, విమానం రోజును బట్టి కోత పెట్టుకోండి.

మంచు ఆరాక, ఎండ ముదరకముందే తొడిమతో సహా కోయాలి. తొడిమ ఊడిన చోటే కుళ్లు మొదలవుతుంది. నీడకు చేర్చి, ఆలస్యం చేయకుండా చల్లబరచండి. చల్లటి కాయను వెచ్చని షెడ్డులో తెరిస్తే చెమ్మ పడుతుంది, ఆ తడే బూజుకు దారి.

పెట్టె కొలత కూడా చూసుకోండి. 40×30×25 సెంటీమీటర్ల పెట్టెను విమాన సంస్థలు సాధారణంగా 5 కిలోలుగా లెక్కగడతాయి (ఘనపరిమాణాన్ని 6000తో భాగిస్తారు). అందులో 4 కిలోలే పట్టిస్తే కిలో గాలికి కిరాయి కట్టినట్టే. అలాగని కుక్కితే కాయ నలుగుతుంది.

ప్రశ్న: పురుగుమందు కొట్టాక డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి మిర్చి కోస్తే యూరప్‌కు పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: చాలదు. ఆ గడువు మన దేశపు అవశేష పరిమితికి (కాయలో మిగిలి ఉండదగ్గ మందు హద్దుకు) లెక్కగట్టింది. యూరప్‌లో ప్రత్యేక పరిమితి లేని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. గల్ఫ్ అయినా తేలిక కాదు: 2014లో సౌదీ అరేబియా మన పచ్చిమిర్చిని ఆపేసింది పురుగుమందుల అవశేషాల వల్లే. కూరగాయలపై నిషేధమున్న మోనోక్రోటోఫాస్ జోలికి అసలు పోవద్దు. కోతకు వారం ముందు మీ మడి నుంచే నమూనా తీసి ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబుకు పంపండి. ఫలితం చూశాకే బేరం ఖాయం చేసుకోండి.

కాగితాల్లో ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారు కోడ్) నంబరు, అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్, ప్రతి లోడుకూ ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో పురుగు, తెగులు లేవనే ధ్రువపత్రం) కావాలి. యూరప్‌కైతే అపెడా గుర్తించిన ప్యాక్‌హౌస్‌లోనే (ప్యాకింగ్ కేంద్రంలోనే) గ్రేడింగ్ జరగాలి. తనిఖీలో తొడిమ సందున తామర పురుగు ప్రాణంతో దొరికితే లోడు అక్కడే ఆగుతుంది.