కన్ను మూసుకుంటున్న, కాళ్ళు వంకరపోయిన ఊసరవెల్లిని తీసుకోవచ్చా?

హైదరాబాద్‌లో ఫ్రెండ్ ఏడాదిన్నర ఊసరవెల్లిని పంజరంతో సహా ఫ్రీగా ఇస్తానంటున్నాడు, పగలు కూడా ఒక కన్ను మూసుకుంటోంది, ముందుకాళ్ళు కాస్త వంకర, నల్లగొండ తెచ్చుకోవచ్చా అని కదా అడిగావు తమ్మీ.

ముందు అది ఏ జాతో చూడు. మన వేపచెట్ల మీద, కంచెల్లో కనిపించే రకమైతే వద్దు, దాన్ని ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఫ్రీగా ఇచ్చినా సరే. నెత్తి మీద నిలువుగా పెద్ద టోపీలా లేచి ఉంటే వెయిల్డ్ కమీలియన్ కావచ్చు, యెమెన్ వైపు జాతి. దానికి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం అడుగు.

మూడేళ్ళ కింద నేనూ ఇట్లాగే ఒకటి తెచ్చా. "ఎంత పచ్చగుందో చూడన్నా" అన్నాడు ఇచ్చినతను, నేనూ రంగే చూశా. మహబూబ్‌నగర్ వచ్చి కొమ్మ మీద పెట్టాక తెలిసింది, పైకి ఎక్కుతుంటే కీలు లేని చోట ముంగాలు వంగుతోంది. మిడతను పెడితే రెండు కళ్ళూ దాని మీదికే తిప్పింది, నోరు తెరిచింది, నాలుక మాత్రం రెండంగుళాలు వచ్చి వేలాడింది. కాల్షియం పట్టక ఎముకలు మెత్తబడ్డాయి. అతను పంజరంతో ఇచ్చింది మామూలు బల్బు, వేడి తప్ప యూవీబీ, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు, లేదు; యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారు కాదు, డీ3 లేకపోతే తిన్న కాల్షియం వంటబట్టదు. కిటికీ పక్కనే పెట్టాం కదా అంటారు, ఆ అద్దమే యూవీబీని ఆపేస్తుంది. అసలు యూవీబీ బల్బే ఇచ్చినా పాతది నమ్మకు, వెలుగు అట్లాగే ఉంటుంది కానీ కొన్ని నెలలకు అందులో సరుకు తగ్గిపోతుంది.

మా ఊళ్ళో పశువుల డాక్టరు బర్రెలు, మేకలు బాగా చూస్తాడు, దీన్ని చూసి "దీనికి నేనేం రాయాలయ్యా" అని నవ్వాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు హైదరాబాద్ బస్సెక్కానో నాకే లెక్కలేదు, పంజరం ఫ్రీనే కానీ చార్జీలు, లైట్లు, కాల్షియం డ్రాప్స్ ఫ్రీ కాదు కదా. వంగిన కాలు మళ్ళీ సరి కాలేదు, ఇంకా వంగకుండా ఆగిందంతే. చివరిదాకా పురుగుల్ని పటకారుతో నోటి దగ్గర పెట్టి తినిపించా.

కాళ్ళు ఒక్కటే అయితే నేను తీసుకోమనేవాణ్ణి. పగటిపూట కన్ను మూయడం వేరు, అది నీళ్ళు చాలకనో, విటమిన్ ఎ లోపమో, ఇన్ఫెక్షనో కావచ్చు, ఆగే పని కాదు. రెట్టలో తెల్లగా ఉండాల్సిన ముద్ద ముదురు నారింజలో ఉందంటే నీళ్ళు తక్కువైనట్టే. ఇవి సాధారణంగా గిన్నెలో నీళ్ళు తాగవు, ఆకుల మీద చుక్కలు పడుతుంటే నాక్కుంటాయి, చాలామంది గిన్నె పెట్టి ఊరుకుంటారు. రెప్టైల్స్ చూసే డాక్టరు ఉన్నాడో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కో, ఇంటికి కాదు, నేరుగా అక్కడికే తీసుకెళ్ళు. అంత తీరిక లేకపోతే వద్దని చెప్పెయ్, తప్పేం లేదు. ఇంకోటి, పత్తి చేను గట్ల మీద పట్టిన మిడతలు పెట్టకు, మందు కొట్టి ఉంటారు.

వెళ్ళేటప్పుడు పొద్దున్నే వెళ్ళు, రాత్రి ఎట్లాగూ కళ్ళు మూసుకునే ఉంటుంది, ఏమీ తెలియదు. నాలుగు పురుగులు డబ్బాలో నువ్వే తీసుకుపో. "ఇప్పుడే తినిపించామన్నా" అంటాడు చూడు, అయినా ఒకటి ముందు పెట్టి నాలుక ఎంత దూరం వస్తుందో నీ కళ్ళతో చూసుకో.