బ్లాక్‌కరెంట్ సంగతి తర్వాత, ముందు అమ్మను చూపించండి

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. గుండె వాల్వ్ మార్చారు, రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడుతోంది. మోకాళ్ల నొప్పులకు మంచివని లండన్‌లో ఉండే తమ్ముడు బ్లాక్‌కరెంట్ గింజల నూనె క్యాప్సూల్స్ పంపితే నెల నుంచి వేసుకుంటోంది. నొప్పి ఎక్కువైతే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుంటోంది. వారంగా విరేచనం నల్లగా అవుతోంది, నీరసం. పండు రంగు వల్లేనా? క్యాప్సూల్స్ రోజుకు ఎన్ని వేసుకోవచ్చు?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఎన్ని అన్నది పక్కన పెట్టండమ్మా. వార్ఫరిన్ వాడే మనిషి డైక్లోఫెనాక్ వేసుకుని, వారంగా నల్లటి విరేచనం, నీరసం అంటుంటే కడుపులో రక్తస్రావం ఉందేమోనని ముందు అనుమానించాలి. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మరీను. ముదురు రంగు పండ్లు తిన్నా, ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లబడొచ్చు. కానీ బ్లాక్‌కరెంట్ రంగంతా తొక్కలో ఉంటుంది. అమ్మ వేసుకునేది గింజల నూనె!

ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. హిమోగ్లోబిన్, ఐఎన్ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష) చూస్తారు, ఎండోస్కోపీ అవసరం కావొచ్చు. కళ్లు తిరిగినా, రక్తం వాంతి అయినా 108కి ఫోన్ చేయండి. డైక్లోఫెనాక్, క్యాప్సూల్స్ ఇప్పుడే ఆపేయండి. వార్ఫరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు. తర్వాతి డోసు సంగతి అక్కడి డాక్టరే చెప్పాలి.

వారం రోజులు ఎందుకు ఆగారు? షాపులో ‘నొప్పి మాత్ర ఇవ్వండి’ అంటే ఇచ్చేస్తారు. రక్తం పలచబడే మందు వాడుతున్నారని కౌంటర్ దగ్గర కుర్రాడికి ఎలా తెలుస్తుంది? ఇలాంటి కేసులు నాకు కొత్త కాదు.

బ్లాక్‌కరెంట్ చెడ్డదేం కాదు. చలి దేశాల పండు, 100 గ్రాముల్లో సుమారు 180 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, నారింజకు మూడు రెట్లకు పైనే. రెండో ప్రపంచ యుద్ధంలో నారింజలు దొరక్క బ్రిటన్‌లో పిల్లలకు దీని సిరప్ పంచారు. మనకు ఉసిరి ఉండగా విటమిన్ కోసం లండన్ దాకా వెళ్లక్కర్లేదనుకోండి. గింజల నూనెలో గామా లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. కీళ్లవాతంలో కొంత ఉపయోగం కనిపించవచ్చు గానీ, వయసుతో వచ్చే అరుగుదలకు మందుగా నేను రాయను. వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు కూడా. మోకాళ్లకు ఏం వాడాలో అమ్మను చూసిన డాక్టరే చెప్పాలి.

వెళ్లేటప్పుడు క్యాప్సూల్స్ డబ్బా, వాడిన మాత్రల స్ట్రిప్పు, పాత ఐఎన్ఆర్ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.