గవేషణలో ఆవులెక్కడ?

సందేహం: మాది ఉద్దానం, కవిటి మండలం. కిడ్నీ జబ్బు సంగతి తేల్చడానికని ఏళ్ల తరబడి మా ఊళ్లకు బృందాలు వస్తున్నాయి. ఒకరు రక్తం తీసుకుంటారు. ఒకరు ఏం తింటారు, ఏం పని చేస్తారు అని అడుగుతారు. ఇంకొకరు అదంతా ట్యాబ్‌లో ఎక్కించుకుంటారు. పేపర్లో ఒకరోజు పరిశోధన అని, ఒకరోజు అధ్యయనం అని, ఇంకోరోజు సర్వే అని వేస్తారు. ఇవన్నీ ఒకటేనా? పాత పుస్తకాల్లో కనిపించే 'గవేషణ' అంటే ఆవుల్ని వెతకడమని మా మాస్టారు అనేవారు. నిజమేనా? ఆడవాళ్లయితే పరిశోధకి అనాలా, పరిశోధకురాలు అనాలా?

సమాధానం: మీ మాస్టారికి నా నమస్కారాలు. గో శబ్దానికి ఏషణ చేరి, ఓకారం 'అవ్'గా మారి గవేషణ అయింది. ఏషణ అంటే కోరడం, వెతకడం. అన్వేషణలో ఉన్నదీ అదే. ఋగ్వేదంలో దీనికి దగ్గర చుట్టం 'గవిష్టి' ఉంది. ఆవుల మీద కోరిక అని మొదలై, యుద్ధం అనే అర్థం దాకా పోయింది. పశువులే ఆస్తి అయిన రోజుల్లో ఆ రెండింటికీ పెద్ద తేడా ఉండేది కాదు మరి! తర్వాతివాళ్లు ఆవుల్ని మరిచిపోయారు. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో 'గవేష మార్గణే' అని దాన్ని ఏకంగా ఒక ధాతువు కింద లెక్కకట్టారు. మార్గణం అంటే వెతకడమే. వీణ నుంచి పుట్టిన మాటే అయినా వీణ ముట్టని ప్రవీణుడు, కుశ అంటే దర్భ అయినా దర్భ కోయని కుశలుడు ఉండగా ఆవుల్లేని గవేషణ ఉంటే తప్పేముంది?

కానీ మన తిక్కనగారి దగ్గరికి వెళితే ఆవులు మళ్లీ కనిపిస్తాయి. విరాటపర్వం మరోసారి తిరగెయ్యండి. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల కోసం దుర్యోధనుడు వేగులవాళ్లను దేశాల మీదికి తోలాడు. వాళ్లు అడవులూ కొండలూ ఊళ్లూ గాలించి ఉత్తచేతులతో వచ్చారు. విరాటుడి బావమరిది కీచకుణ్ణి ఎవరో కంటబడని గంధర్వులు చంపారట అన్న కబురు మాత్రం పనిలో పనిగా చెప్పారు. అప్పుడు భీష్ముడు అన్నమాట నాకెంతో ఇష్టం. ధర్మరాజు ఉన్నచోట వేళకు వానలుంటాయి, పంటలుంటాయి, పాడి ఉంటుంది, జనం ఒకరిని చూసి ఒకరు ఓర్వలేక ఏడవరు. అలాంటి నేల ఎక్కడుందో చూడండి అన్నాడు. మనిషి దొరక్కపోతే అతని జాడ చుట్టూ ఉన్న జనం బాగోగుల్లో చూడమన్నాడన్నమాట. ప్రజారోగ్యం చదివినవాళ్లు ఇవాళ 'సూచికలు' అంటున్నవి ఇవే కదా! వేగులవాళ్లు ముఖాలు వెతికారు, పెద్దాయన లక్షణాలు వెతకమన్నాడు. ఆఖరికి ఆ వెతుకులాటంతా వెళ్లి తేలింది ఎక్కడ? విరాటుడి ఆలమందల దగ్గర. దక్షిణాన ఒకసారి, ఉత్తరాన ఒకసారి గోగ్రహణం, అంటే ఆవుల్ని పట్టుకుపోవడం. గవేషణకు ఇంతకన్నా నిండైన కథ నాకు తెలీదు.

ఆ తిక్కన తిరిగిన నెల్లూరు సీమలోనే ఫ్లోరోసిస్ ఉందని 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ లోకానికి చెప్పారు. మచ్చలు పడిన పళ్లు, బిగుసుకుపోయిన వెన్నెముకలు చూసి, తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ దాకా వెళ్లారు. అదీ భీష్ముడు చెప్పిన దారే.

ఇక పరిశోధన. ఇందులో ఉన్నది శుధ్ ధాతువు, అంటే శుభ్రం చేయడం. వైద్యులు వత్సనాభి లాంటి విషాన్ని గోమూత్రంలో నానబెట్టి మందుకు పనికొచ్చేలా చేస్తే దాని పేరు శోధన. ఒంట్లోని దోషాన్ని బయటికి పంపే వమన విరేచనాలూ శోధనలే. తెలుగులోకి వచ్చాక అది వెతకడంగా మారింది. క్రైస్తవుల ప్రార్థనలో 'మమ్మును శోధనలోకి తేక' అన్నప్పుడు పరీక్ష, ప్రలోభం అని ఇంకో అర్థం. ఈమధ్య ఫోన్లలో వెతికే బటన్ మీద 'శోధన' అని వేస్తున్నారు. 'వెతుకు' అని మూడక్షరాల మాట ఉండగా ఆ భక్తులను ఎందుకు కంగారు పెట్టడం?

తమాషా ఏమిటంటే పాత అర్థాన్ని ఇప్పుడు నిలబెడుతున్నది కంప్యూటర్ వాళ్లు. మీ ఊళ్లో ట్యాబ్‌లో ఎక్కించినదాన్ని తీసుకెళ్లి, ఒకే మనిషి పేరు రెండుసార్లు పడిందా, వయసు గడిలో బరువు రాశారా అని ఏరిపారేస్తారు. డేటా క్లీనింగ్ అంటారు దాన్ని. అచ్చమైన శోధన అదే. డేటాకు 'దత్తాంశం' అని పేరు పెట్టారు, దత్తం అంటే ఇచ్చినది. మీరు రక్తమూ ఇచ్చారు, జవాబులూ ఇచ్చారు. తీసుకున్నవాళ్లు ఫలితం మీకు చెప్పకపోతే ఆ మాటకు అన్యాయం చేసినట్టే.

మీరు చూసిన మిగతా మాటలు: ఉన్నదాన్ని నిదానంగా చదివి అర్థం చేసుకుంటే అధ్యయనం. ఊరంతా తిరిగి లెక్క రాసుకుంటే సర్వే. సర్వే రాయి, సర్వే నంబరు ఉన్న ఊళ్లలో అదెప్పుడో తెలుగైపోయింది. కన్నడిగుల 'సంశోధన' హిందీకి వెళ్తే చట్ట సవరణ అవుతుంది, జాగ్రత్త. తమిళుల 'ఆరాయ్చ్చి'కి మన అరయు, ఆరయు చుట్టాలు. ఒరియావాళ్లు ఇప్పటికీ 'గబేషణా' అనే అంటారు. ఇచ్ఛాపురం దాటితే మీకే వినబడుతుంది.

పేపర్లవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. పదిమందిని ఫోన్లో అడిగి 'పరిశోధనలో వెల్లడైంది' అని రాయకండి. 'పరిశోధన గావించబడినది' అని అసలే రాయకండి, ఎవరు చేశారో చెప్పండి. పోషకాహార లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి 1918లో తమిళనాడులోని కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో మొదలుపెట్టినదానికి 'బెరిబెరి ఎంక్వయిరీ యూనిట్' అని పేరు. రిసెర్చ్ అన్న మాట 1928లో గానీ దాని పేరులోకి రాలేదు. 1958లో హైదరాబాదు చేరిన ఆ సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అంతటివాళ్లే ఎంక్వయిరీతో సరిపెట్టుకున్నారు. దాన్ని మనం 'విచారణ' అందామంటే పోలీసులు గుర్తొస్తారు, అదో ఇబ్బంది.

మీ ఊరికి ఏ మాట? నీళ్లా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, ఎండలో పనా అని ఒక్కొక్క అనుమానాన్నీ పరీక్షించి వడకడుతున్నంత వరకు పరిశోధన సరైన మాటే. ఇదీ కారణం అని అందరూ ఒప్పుకున్నది ఇంకా దొరకలేదు కాబట్టి గవేషణ అన్నా నేను తప్పుపట్టను. వాడుకలో అది తిరిగి నిలబడుతుందని మాత్రం పందెం కాయను.

పరిశోధకురాలు సరైన రూపం. సంస్కృత పద్ధతిలో పోతే పరిశోధిక అవుతుంది. పరిశోధకి రెండిటికీ చెందదు.