నాన్న డిశ్చార్జ్ బుక్ ఒకసారి తెరిచి చూడమ్మా

ప్రశ్న: "సార్, నేను ఇంటర్ ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాను. నాన్న ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే సమాచార విభాగంలో, 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు 44 ఏళ్లు. పెన్షన్ సరిపోక ఒక అపార్ట్‌మెంట్‌లో నైట్ సెక్యూరిటీగా చేస్తున్నారు. మొన్న పంద్రాగస్టుకి తమ్ముడి స్కూల్లో పిలిచి జెండా ఎగరేయించారు, శాలువా కప్పారు. ఆ రాత్రి ఎనిమిదింటికి మళ్లీ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది. బీటెక్ అంటే ఖర్చు కదా, డిగ్రీలో చేరి ఏదైనా పార్ట్‌టైం పని చూసుకుందామనుకుంటున్నాను. నాన్నకి చెప్తే ఏమీ మాట్లాడలేదు. ఏం చేయమంటారు?"

జవాబు:

చూడమ్మా, నువ్వు అడిగింది నీ ఒక్కదాని చదువు గురించే. కానీ నీ ఉత్తరంలో తేల్చాల్సిన కెరీర్లు రెండున్నాయి. నీది ఇంకా మొదలు కాలేదు. మీ నాన్నగారిది అయిపోయిందని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నా లెక్కలో అది సగంలో ఆగింది, అంతే. ఆయన కదిలితే నీ మీద బరువు తగ్గుతుంది కాబట్టి రెండూ కలిపే మాట్లాడతాను.

ముందు నీ సంగతి. డిగ్రీ తక్కువ చదువేమీ కాదు. ఇష్టపడి చేరితే నేనే చేరమంటాను. ఇంజినీరింగ్ చదవాలని ఉండి, ఖర్చుకు భయపడి మాత్రం వదులుకోకు. నాన్నగారి సర్వీసు వల్ల నీకు రావాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి వాటంతట అవి ఇంటికి రావు, అడిగి తెచ్చుకోవాలి.

మొదటిది ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో క్యాప్ కోటా. సైనికుల పిల్లల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2 శాతం సీట్లు ఉంటాయి. అందులో మొదటి వరుస యుద్ధంలో చనిపోయినవారి పిల్లలది. తర్వాత వికలాంగులైనవారి పిల్లలు, శౌర్య పతకాలు పొందినవారి పిల్లలు. మామూలుగా రిటైరైనవాళ్ల పిల్లల వంతు ఆ తర్వాత వస్తుంది. అందుకని దీన్నే నమ్ముకుని ర్యాంకు వదిలేయకు. అలాగని దరఖాస్తులో ఆ గడి ఖాళీగానూ వదలొద్దు. ర్యాంకు కాస్త అటూఇటూ అయిన పిల్లలకు ఇది మంచి కాలేజీ తెచ్చిపెట్టడం నేను చూశాను. ప్రత్యేక కేటగిరీల సర్టిఫికెట్లు చూసే తేదీలు విడిగా ఇస్తారు. ఆ రోజు దాటితే మళ్లీ అడిగినా లాభం ఉండదు.

రెండోది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇస్తుంది. మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు బీటెక్ లాంటి వృత్తి విద్యా కోర్సుల కోసం ఏటా 5500 మందికి మెరిట్ మీద ఇస్తారు. సగం అమ్మాయిలకు, సగం అబ్బాయిలకు. అమ్మాయిలకు నెలకు 3000, అబ్బాయిలకు 2500 చొప్పున లెక్కగట్టి ఏడాదికోసారి బ్యాంకులో వేస్తారు. అంటే నీకు ఏడాదికి 36,000, నాలుగేళ్లకు 1,44,000. ఫీజంతా దీంతోనే తీరిపోదు గానీ, పుస్తకాలకూ హాస్టల్‌కూ ఇంట్లో చెయ్యి చాచాల్సిన పని చాలావరకు తప్పుతుంది. ఇంటర్‌లో 60 శాతం తప్పనిసరి. దేశమంతా పోటీ కాబట్టి 60 దగ్గర ఆగితే రాదు, ఎంత ఎక్కువుంటే అంత నయం. వచ్చాక కూడా ప్రతి ఏడూ బ్యాక్‌లాగ్ లేకుండా కనీసం 50 శాతం తెచ్చుకుంటేనే కొనసాగుతుంది.

దీంట్లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఫస్టియర్‌లో చేరిన ఏడాదే దరఖాస్తు చేయాలి. సెకండియర్‌లో ఎవరో సీనియర్ చెబితే తెలిసి, పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. అప్పటికి నేను చేయగలిగిందేమీ లేదు. కాలేజీలో చేరిన వారంలోనే బోనఫైడ్ తీసుకుని, సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో నువ్వే నింపు. వేరే స్కాలర్‌షిప్ కూడా తీసుకునే ఉద్దేశం ఉంటే అక్కడి షరతులు చదివాకే సబ్మిట్ నొక్కు.

జేఈఈ మెయిన్ రాస్తున్నావా? పుణెలో ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. 1994లో పెట్టారు. ఆర్మీవాళ్ల పిల్లలకే సీట్లు, ఆ ర్యాంకుతోనే చేర్చుకుంటారు. నీలాంటివాళ్లకు పోటీ బయటికంటే తక్కువ. ఊరు దూరమని ఇంట్లో అంటారేమో. పదేళ్లకు పైగా భర్త ఎక్కడో దూరంగా పోస్టింగ్‌లో ఉంటే ఒంటిచేత్తో సంసారం నడిపిన మీ అమ్మగారు ఆ మాట అంటారని నేననుకోను.

తమ్ముడిని మరిచిపోకు. హవల్దార్, అంతకంటే కింది ర్యాంకులో రిటైరైనవాళ్ల పిల్లల్లో ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా చదువు గ్రాంటు ఉంది. నెలకు 1000 ఉండేది, 2025 నవంబరు నుంచి 2000 చేశారు. డిసెంబరు 7న స్కూళ్లలో చిన్న జెండా గుచ్చి, డబ్బా పట్టుకుని విరాళాలు అడుగుతారే, సాయుధ దళాల పతాక దినోత్సవం, ఆ నిధి నుంచే ఇది వస్తుంది. 1949 నుంచి ఆ రోజు జరుపుతున్నారు. మనం వేసే చిల్లర ఎక్కడికి పోతుందో చాలామందికి తెలియదు. మీ తమ్ముడి నోటు పుస్తకాల దాకా రావాలి అది.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. పైన చెప్పినవన్నీ ఒక్క కాగితం దగ్గర ఆగిపోవచ్చు. నాన్నగారి డిశ్చార్జ్ బుక్‌లో, అదే ఆర్మీ నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకంలో, కుటుంబ సభ్యుల వివరాలున్న పేజీ తెరిచి, నీ పేరు, పుట్టిన తేదీ చూడు. పక్కన నీ టెన్త్ మెమో పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చు. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను. జవాన్‌కు బిడ్డ పుడితే యూనిట్‌లో పార్ట్-2 ఆర్డర్ అని ఒకటి వేసి రికార్డులో ఎక్కిస్తారు. తండ్రేమో సరిహద్దులో, బిడ్డేమో అమ్మమ్మగారింట్లో. ఫోన్‌లో విన్న తేదీ, అప్పటికి ఇంట్లో పిలుచుకునే పేరు కంపెనీ క్లర్కుకు చెప్పేస్తారు. అయిదేళ్ల తర్వాత స్కూల్లో చేర్పించేటప్పుడు ఇంకో పేరు, ఇంకో తేదీ పడతాయి. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయికి రికార్డులో ఉన్నది ముద్దుపేరు, పైగా పుట్టిన సంవత్సరమే తేడా. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజున గానీ బయటపడలేదు. సరిచేయించేసరికి కౌన్సెలింగ్ అయిపోయింది. వాళ్ల నాన్న కార్గిల్ వైపు చేసినాయన. కొడుకు ముందు తలదించుకుని కూర్చున్నారు, తప్పేదో తనే చేసినట్టు.

మీకింకా నెలల టైముంది. తేడా ఉంటే అఫిడవిట్, టెన్త్ మెమో జతచేసి నాన్నగారి పేరుతో, సైనికుల సర్వీసు వివరాలు దాచే రికార్డ్స్ ఆఫీసుకు అర్జీ పెట్టాలి. సిగ్నల్స్ వాళ్లకైతే అది జబల్‌పూర్‌లో ఉంటుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే దారి సులువు. పనిలో పనిగా పెన్షన్ ఆర్డర్‌లో మీ అమ్మగారి పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. రేపు ఫ్యామిలీ పెన్షన్ విషయం వస్తే ఆ ఒక్క పంక్తే ఆధారం. చెప్పకూడని మాటే, కానీ ఇలాంటివి బాగున్న రోజుల్లోనే చూసుకోవాలి.

ఇక నాన్నగారు. సెక్యూరిటీ పని చిన్నదని నేననను, నువ్వూ అనకు. నా అభ్యంతరం వేరే. 24 ఏళ్లు సమాచార వ్యవస్థ నడిపిన మనిషి చేత గేటు తీయించడం ఆ అనుభవాన్ని పారబోయడమే. అయితే ఆయన్ని అడిగితే ఏమంటారో నాకు దాదాపు తెలుసు. ఆయనలాగే సిగ్నల్స్ నుంచి వచ్చిన ఒకాయన్ని "సర్వీసులో ఏం చేసేవారు?" అని అడిగాను. "డ్యూటీ చేశాను సార్" అన్నారు. రెజ్యూమె తెచ్చారు, అందులో ర్యాంకు, యూనిట్ పేరు, రెండు మెడల్స్ తప్ప ఏమీ లేవు. కంపెనీ హెచ్ఆర్‌లో పాతికేళ్ల కుర్రాడికి అవి అర్థం కావు. టీ తెప్పించి గంటన్నర కూర్చోబెట్టి అడిగాను. పొద్దున లేవగానే ఏం చూసేవారు, ఏది చెడితే ఎవరు మిమ్మల్ని లేపేవారు, సంతకం ఎక్కడ పెట్టేవారు? అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ముప్పై రేడియో సెట్ల లెక్క ఆయనదే. బ్యాటరీలు, జనరేటర్ లాగ్ ఆయనే రాసేవారు. కేబుల్ తెగితే వానలో ఎనిమిది మంది కుర్రాళ్లను తీసుకుని వెళ్లి తెల్లారేలోపు లైను నిలబెట్టేవారు. ఆడిట్‌లో ఒక్క సామాను తక్కువ రాలేదు. అవే మామూలు మాటల్లో రాశాం: పరికరాల నిర్వహణ, స్టోర్స్ లెక్కలు, ఎనిమిది మంది బృందం పర్యవేక్షణ, పవర్ బ్యాకప్. ఇప్పుడాయన ఒక డేటా సెంటర్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్. మీ నాన్నగారిని ఈ ప్రశ్నలు నువ్వడుగు. నోటు పుస్తకం పట్టుకుని కూర్చో. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి, భాష తర్వాత దిద్దుకోవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగాల తలుపు కూడా మూసుకుపోలేదు. 44 ఏళ్లకు ఇంకేం ఉద్యోగమని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి, అంటే క్లర్కు లాంటి స్థాయి, ఉద్యోగాల్లో మాజీ సైనికుల వయసును లెక్కేసే పద్ధతే వేరు. అసలు వయసులోంచి సర్వీసు తీసేస్తారు. 44లోంచి 24 పోతే 20. అలా వచ్చిన అంకె పోస్టుకు పెట్టిన గరిష్ఠ వయసు కంటే మూడేళ్లు ఎక్కువున్నా ఒప్పుకుంటారు. అంటే 27 ఏళ్ల పరిమితి ఉన్న పోస్టుకు కూడా మీ నాన్నగారు కుర్రాడి కిందే లెక్క! గ్రూప్ సిలో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు స్థాయి పోస్టుల్లో 14.5 శాతం వాళ్లకు కేటాయించారు. బ్యాంకు క్లర్కు పరీక్షకు మాత్రం 50 ఏళ్లు దాటకూడదు. ఆయనకు ఇంకా ఆరేళ్లుంది. డిగ్రీ లేదని వెనక్కి తగ్గనక్కర్లేదు. టెన్త్ పాసై 15 ఏళ్ల సర్వీసు ఉంటే, డిగ్రీ అడిగే గ్రూప్ సి పోస్టుల్లో సాంకేతిక అనుభవం అక్కర్లేని వాటికి అర్హులే. ఆ సర్వీసును డిగ్రీతో సమానంగా చూపిస్తూ ఆర్మీ ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ ఆయన పెట్టెలోనే ఎక్కడో ఉండాలి. ఆఫీసర్ ర్యాంకు కాదు కాబట్టి కొత్త జీతం ఖరారు చేసేటప్పుడు పెన్షన్‌ను అందులోంచి మినహాయించరు కూడా.

కోటా ఉన్నా పరీక్ష రాయక తప్పదు. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్ చదవాలి. పాతికేళ్ల తర్వాత శాతాలు, నిష్పత్తులు చేయాలంటే ఎవరికైనా టెన్షనే. అర్హత మార్కులు తెచ్చుకునేవాళ్లు లేక ఈ కోటా పోస్టులు చాలాసార్లు ఖాళీగా మిగిలిపోతుంటాయి. ఇంట్లో ఎంపీసీ చదివే కూతురుంటే ఆయనకు కోచింగ్ సెంటర్ ఎందుకు? రోజూ గంట చాలు. నీకూ అరిథ్మెటిక్ గట్టిపడుతుంది.

ఇంకో మాట. సెక్యూరిటీ ఏజెన్సీలో కాంట్రాక్టు పని చేసినంత మాత్రాన మాజీ సైనికుడి రిజర్వేషన్ పోదు. ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగంలో చేరాకే అది వాడుకున్నట్టు. చేరేముందే వేరే పరీక్షలకు కూడా దరఖాస్తు చేసి ఉంటే, చేరగానే ఆ జాబితాతో ఒక డిక్లరేషన్ ఇచ్చి పెట్టుకోవాలి. లేకపోతే తర్వాత మంచి పోస్టు వచ్చినా కోటా వర్తించదు.

నీకు యూనిఫాం మీద మనసుందా అన్నది నువ్వు రాయలేదు. ఉంటే ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాయి. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, 2021 నుంచి అమ్మాయిలకూ అవకాశం ఇచ్చారు, 2025 మేలో అక్కడి నుంచి మొదటి మహిళా బ్యాచ్ బయటికొచ్చింది. లేకపోతే నాన్న కోసమని వెళ్లక్కర్లేదు.

ఆయన ఏమీ మాట్లాడలేదన్నావు. కూతురు తన కోసం చదువు తగ్గించుకుంటానంటే ఏ తండ్రి ఏం మాట్లాడతాడు? "నాన్నా, ఆ ఉద్యోగం మానెయ్" అనకు. "నాన్నా, క్యాప్ సర్టిఫికెట్ కావాలి, నాతో రా" అను. సాయం అడిగితే లేస్తారు, జాలి చూపిస్తే ఇంకా ముడుచుకుంటారు.

ఒక రాత్రికి ఆయన్ని డ్యూటీ సెలవు పెట్టమను. నిద్రలేని మొహంతో ఆఫీసుకు వెళ్లడం ఆయనకు నచ్చదు. మర్నాడు పదిన్నరకల్లా ఇద్దరూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉండండి. డిశ్చార్జ్ బుక్, పెన్షన్ ఆర్డర్, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, మీ ఇద్దరి ఆధార్, నీ టెన్త్ మెమో, తమ్ముడి ప్రోగ్రెస్ కార్డు, అన్నీ రెండేసి కాపీలు తీసుకెళ్లండి. ఆయన పేరు ఉపాధి కోసం కూడా అక్కడే నమోదు చేయించు. జెరాక్సులు నువ్వు పట్టుకో, డిశ్చార్జ్ బుక్ మాత్రం ఆయన చేతిలోనే ఉండనివ్వు.