కళ్లజోడుతో వ్యూఫైండర్ చూడటం ఇబ్బందిగా ఉంది, పవర్ లెన్స్ తగిలించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 47. వృత్తి ఫొటోగ్రఫీ. రెండు కళ్లకూ మైనస్ 2.5, సిలిండర్ (కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేనందుకు ఇచ్చే పవర్) మైనస్ 1.25 ఉంది. రెండేళ్లుగా ప్రోగ్రెసివ్ అద్దాలు (పైన దూరానికి, కింద దగ్గరికి పవర్ ఉండేవి) వాడుతున్నాను. జోడు పెట్టుకుని కెమెరా వ్యూఫైండర్‌లో చూస్తే ఫ్రేమ్ మూలలు కనిపించవు. జోడు తీసేసి, పక్కనున్న చిన్న చక్రం తిప్పితే కొంత నయమే కానీ అంకెల పక్కన నీడ పడినట్టు ఉంటోంది. ఐపీస్‌కు (వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూసే చోటుకు) పవర్ లెన్స్ తగిలించమని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ నీడ మీ సిలిండర్ పవర్ వల్ల వస్తున్నదే. మీరు తిప్పిన ఆ చిన్న చక్రం, అంటే డయాప్టర్ చక్రం, మైనస్, ప్లస్ పవర్‌ని మాత్రమే సరిచేస్తుంది. చాలా కెమెరాల్లో అది మైనస్ 3 నుంచి ప్లస్ 1 దాకానో, మైనస్ 4 నుంచి ప్లస్ 2 దాకానో తిరుగుతుంది. అంటే మీ 2.5 వరకు అది చూసుకుంటుంది, మిగతా 1.25 అలాగే ఉండిపోతుంది. బజారులో దొరికే ఐపీస్ లెన్సులూ ఎక్కువగా ఇలాంటివే. సిలిండర్ వేసి ప్రత్యేకంగా చేయించుకున్నా ఒక చిక్కుంది. నిలువు ఫొటో కోసం కెమెరా తిప్పగానే దాంతోపాటు సిలిండర్ యాక్సిసూ (ఆ పవర్ అమర్చిన కోణం) తిరిగిపోతుంది. కన్ను తిరగదు కదా! అప్పుడు మసక తగ్గకపోగా రెట్టింపవుతుంది. అందుకే, మీ వరకైతే జోడు ఉంచుకునే చూడండి.

చక్రాన్ని జోడు పెట్టుకునే సెట్ చేసుకోవాలి. కెమెరాను ఖాళీ గోడ వైపు తిప్పి, దృశ్యాన్ని పట్టించుకోకుండా ఫోకస్ గడి గీతలు, కింది అంకెలు మాత్రమే చూడండి. ముందు ప్లస్ వైపు పూర్తిగా తిప్పి మసకబరచండి. అక్కడి నుంచి మెల్లగా వెనక్కి వస్తూ అంకెలు స్పష్టంగా కనబడిన మొదటి చోటే ఆగండి. ఇంకొంచెం బాగుంటుందేమో అని మైనస్ వైపు జరిపితే కంటి కండరం బిగబట్టాల్సి వస్తుంది, సాయంత్రానికి తలనొప్పి ఖాయం. ఈ చక్రానికి ఫొటో షార్ప్‌నెస్‌తో సంబంధం లేదు, ఆ టెన్షన్ వద్దు.

వ్యూఫైండర్‌లో బొమ్మ సాధారణంగా మీటరు దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి మీ అద్దంలో దూరపు చూపుకున్న పైభాగంలోంచే చూడాలి. చత్వారం కోసం ఇచ్చిన కింది భాగం వెనక స్క్రీన్‌కి పనికొస్తుంది. షూటింగ్ కోసం విడిగా సింగిల్ విజన్ (అద్దమంతా ఒకే పవర్ ఉండే) జోడు ఒకటి చేయించుకుంటే ఇంకా హాయి.

మూలలు కనబడకపోవడం ఐపాయింట్ సమస్య. ఐపీస్‌కి ఎంత దూరంలో కన్ను ఉన్నా మొత్తం ఫ్రేమ్ కనబడుతుందో చెప్పే కొలత అది. కంటికీ అద్దానికీ మధ్యే 12 నుంచి 14 మిల్లీమీటర్లు పోతాయి. ఐపాయింట్ 16 మాత్రమే ఉంటే ఇక మిగిలేదేముంది? ఈసారి కెమెరా కొనేటప్పుడు 20 దాటినది చూడండి. ప్రస్తుతానికి కంటికి దగ్గరగా కూర్చునే కళ్లజోడు ఫ్రేమ్, పలచని ఐకప్ (ఐపీస్ చుట్టూ ఉండే రబ్బరు) ప్రయత్నించండి. రబ్బరు అరిగితే మార్చండి, లేదంటే అద్దం మీద గీతలు పడతాయి.

జోడు వద్దే వద్దనుకుంటే సిలిండర్‌కి పనికొచ్చే టోరిక్ కాంటాక్ట్ లెన్సులున్నాయి. స్క్రీన్ చూడటానికి మాత్రం రీడింగ్ అద్దాలు కావాల్సి రావచ్చు.

సెట్ చేసిన చక్రం తరచూ మార్చాల్సి వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి, శుక్లం మొదలైందేమో కూడా చూపించుకోండి. వ్యూఫైండర్‌లోని గ్రిడ్ గీతలు ఒక కంటికి వంకరగా, రెండో కంటికి తిన్నగా కనిపిస్తే ఆలస్యం చేయకుండా రెండు మూడు రోజుల్లోనే రెటీనా డాక్టర్‌ని కలవండి.